చిట్టి యుద్ధ విమానాలు: ఆటా, అపరాధమా?

రంజాన్‌కు ముందు ఒక జుమా రోజు. నమాజు ముగిసి జనం మస్జిద్ మెట్లు దిగుతున్నారు. మా మొహల్లాకు చెందిన ఒక సోదరుడు మమ్మల్ని పక్కకు పిలిచారు. ఆయన లారీ మెకానిక్. కష్టజీవి. మనసులోని ఆందోళన ముఖంలో కనిపిస్తోంది.

"మౌల్వీ సాబ్, మా చిన్నోడు చదువు పక్కన పెట్టి ఇంటినిండా యుద్ధ విమానాలు, ట్యాంకులు చేసి పెడుతున్నాడు. వాళ్ల మామూ దుబాయి నుంచి ప్లాస్టిక్ ముక్కల పెట్టెలు పంపుతున్నాడు. మా అమ్మీ ఏమో ఇవన్నీ బొమ్మలు, ఇవి ఉన్న ఇంటికి రహ్మత్ ఫరిష్తాలు రారంటోంది. ఏం చేయమంటారు?" అని అడిగారు.

మేము నిలబడిన చోటే జవాబు చెప్పేశాం. "పనికిరాని ఆట. అందులోనూ హత్యాయుధాల బొమ్మలు. తీసేయించండి" అన్నాం. ఆయన సలాం చెప్పి వెళ్లిపోయారు. ఆ జవాబుకు మాకు పట్టిన సమయం చెప్పులు వేసుకునేంత సేపు మాత్రమే.

ఆ కుర్రవాడు మా బడిలోనే తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. రెండు వారాల తర్వాత గమనించాం. క్లాసులో చేయి ఎత్తడం మానేశాడు. లెక్కల పుస్తకం అంచుల్లో గీసే రెక్కల బొమ్మలు ఆగిపోయాయి. అడిగితే తల వంచుకున్నాడు. చివరికి ఒక్క మాట అన్నాడు. "మీరు చూడకుండానే చెప్పారట కదా, ఉస్తాద్!"

ఆ మాటలో కోపం లేదు, ఎదురు చెప్పడమూ లేదు. అయినా రాత్రంతా మాకు నిద్ర పట్టలేదు. నిజమే, మేము చూడలేదు. విచారించకుండా తీర్పు చెప్పవద్దని ముప్పై ఏళ్లుగా పిల్లలకు చెబుతూ వస్తున్న మేమే ఆ పని చేశాం. మరునాడు అస్ర్ నమాజు తర్వాత వాళ్లింటికి వెళ్లాం. అటక మీది నుంచి గోనె సంచి దింపించాం. అందులో పాత బట్టల మధ్య ఎనిమిది విమానాలు, మూడు ట్యాంకులు. ఒక విమానం రెక్క విరిగిపోయి ఉంది.

రెక్కల గుర్రం ముచ్చట

ముందుగా ధర్మం మాట. పాఠకుల ఇళ్లలోనూ ఇదే ప్రశ్న తలెత్తి ఉండవచ్చు.

ఇస్లాంలో ప్రాణుల రూపాలను తయారు చేయడం పట్ల గట్టి హెచ్చరికలు ఉన్నాయి. అందులో సందేహం లేదు. అయితే బొమ్మలు చేసి బతికే ఒక వ్యక్తి హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (ర) వద్దకు వచ్చి తన సంగతి చెప్పుకున్నప్పుడు, తప్పనిసరైతే చెట్లను, ప్రాణం లేని వస్తువులను చేసుకోమని ఆయన దారి చూపారు. విమానానికి ప్రాణం లేదు. ట్యాంకుకు లేదు. జీపుకు లేదు. ఓడ నమూనా, మస్జిద్ నమూనా ఎలాంటివో ఇవీ అలాంటివే. పైలట్లు, సైనికుల బొమ్మల విషయంలో మాత్రం ఉలమాల మధ్య అభిప్రాయ భేదాలు ఉన్నాయి. జాగ్రత్త కోరేవారు ఆ ముక్కలను పెట్టెలోనే వదిలేసి విమానం ఒక్కటే చేసుకోవచ్చు.

ఇక ఆట సంగతి. విశ్వాసుల మాత హజ్రత్ ఆయిషా (ర) ఉల్లేఖించిన ఒక ముచ్చట అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. దైవప్రవక్త (స) ఒక యుద్ధయాత్ర నుంచి తిరిగి వచ్చారు. గాలికి అర ముందున్న తెర తొలగింది. అక్కడ ఆమె ఆటబొమ్మలు కనిపించాయి. వాటి నడుమ ఒక గుర్రం. దానికి గుడ్డపీలికలతో కుట్టిన రెండు రెక్కలు! గుర్రానికి రెక్కలేమిటని ఆయన (స) అడిగారు. హజ్రత్ సులైమాన్ (అ) గుర్రాలకు రెక్కలు ఉండేవని మీరు వినలేదా అని ఆమె బదులిచ్చారు. ఆ జవాబుకు ప్రవక్త (స) దంతాలు కనిపించేలా నవ్వారు.

ఈ హదీసు మేము ఎన్నోసార్లు చదివాం, చదివించాం. కానీ ఆ ఇంట్లో గోనె సంచి ముందు కూర్చున్నప్పుడే అది మాకు నిజంగా అర్థమైంది. యుద్ధభూమి నుంచి అలసి వచ్చిన మహనీయుడు ముందు అడిగారు. జవాబు విన్నారు. నవ్వారు. మేము అడగనూ లేదు, విననూ లేదు.

ముక్క ముక్కలో కొలత

కుర్రవాడి చేత ఒక్కొక్కటి విప్పించి చూశాం. అసలు ఈ పని ఎలా సాగుతుందో చెప్పమన్నాం. మొదట బెదురుతూ, తర్వాత ఉత్సాహంగా చెప్పాడు.

పెట్టెలో విమానం ఉండదు. ప్లాస్టిక్ ఫ్రేములకు అంటుకొని పదుల సంఖ్యలో ముక్కలుంటాయి. ముందుగా వాటిని సబ్బు నీళ్లతో కడగాలి. అచ్చులోంచి తీసేటప్పుడు అంటిన జిడ్డు మిగిలితే రంగు పట్టదు. ముక్కను చేత్తో మెలిపెట్టి విరవకూడదు, సన్నని కట్టరుతో కత్తిరించాలి. మిగిలిన మొనను ఉప్పు కాగితంతో రుద్దాలి. జిగురు పెట్టే ముందు ఒకసారి ఉత్తిగా జోడించి చూసుకోవాలి. ఎందుకంటే ఈ జిగురు మనం కాగితాలకు వాడే జిగురు లాంటిది కాదు. అది ప్లాస్టిక్‌ను కరిగించి రెండు ముక్కలను ఒకటిగా చేస్తుంది. ఒక చుక్క ఎక్కువైతే వేలిముద్ర శాశ్వతంగా ఉండిపోతుంది. అలాంటి వేలిముద్ర ఉన్న తన మొదటి విమానాన్ని అతను దాచకుండా చూపించాడు.

తర్వాత అతుకుల సందులను లప్పంతో పూడ్చాలి. మళ్లీ రుద్దాలి. ప్రైమర్ వేయాలి. ఆపైన రంగు, అదీ పలుచగా పొరలు పొరలుగా. పొరకూ పొరకూ మధ్య ఆరేదాకా ఆగాలి. విమానం మీది అంకెలు, చిహ్నాలు నీటిలో నానబెట్టి అతికించేవి. వాటిని డెకాల్స్ అంటారు. గరుకు రంగు మీద అతికిస్తే అడుగున గాలి చిక్కుకొని వెండిలా మెరుస్తుంది. అందుకే ముందు నునుపైన వార్నిష్ వేసి, అతికించి, ఆఖరున మెరుపు లేని వార్నిష్‌తో ముగించాలి.

చివరిది అన్నిటికన్నా కష్టమైన పని. కొత్త విమానాన్ని వాడిన విమానంలా చూపించాలి. పైలట్ కాలు పెట్టే చోట రంగు రాలాలి. పొగ గొట్టాల వెనుక మసి పట్టాలి. అది మనకు తోచినట్లు పూస్తే కుదరదు. అసలు ఫోటోలు చూసి, గాలి ఎటు వీస్తుందో ఆలోచించి పూయాలి.

ఇంతసేపూ గుమ్మంలో నిలబడి వింటున్న తండ్రి అప్పుడు లోపలికి వచ్చారు. ట్యాంకు ఒకటి చేతిలోకి తీసుకొని తిప్పి చూశారు. "ఆయిలు ఇక్కడ కారదురా. మూత కింది నుంచి జారి దుమ్ముతో కలిసి నల్లగా గడ్డ కడుతుంది. రేపు షెడ్డుకు రా, చూపిస్తా" అన్నారు. తండ్రీ కొడుకులు ఆ విషయం మాట్లాడుకోవడం అదే మొదటిసారి అని వాళ్ల అమ్మీ మెల్లగా చెప్పింది.

ఇక కొలతల సంగతి. చిన్న విమానాలు సాధారణంగా అసలు దానిలో 72వ వంతు ఉంటాయి. ఆరడుగుల మనిషి ఒక్క అంగుళం అవుతాడన్న మాట. స్పిట్‌ఫైర్ విమానం రెక్క ఈ చివరి నుంచి ఆ చివరికి 36 అడుగుల 10 అంగుళాలు. నమూనాలో ఆరు అంగుళాలకు కాస్త పైన. ట్యాంకులకు, జీపులకు 35వ వంతు ఎక్కువగా వాడుకలో ఉంది. జపాన్‌కు చెందిన తమియా సంస్థ 1960ల ఆరంభంలో తన తొలి ట్యాంకు నమూనాను లోపల మోటారు, బ్యాటరీలు పట్టేంత సైజులో తయారు చేసింది. ఆ కొలతే తర్వాత ప్రపంచమంతా పాకింది. భిన్నాలంటే భయపడే ఆ కుర్రవాడు ఈ లెక్కలన్నీ నోటితో చేసి చెప్పాడు. మేము ఏడాదంతా నల్లబల్ల మీద రాసి నేర్పలేకపోయిన పాఠం అది.

దివ్య ఖుర్‌ఆన్‌లోని సబా సూరాలో హజ్రత్ దావూద్ (అ) ప్రస్తావన ఉంది. అల్లాహ్ ఆయన కోసం ఇనుమును మెత్తబరిచాడు. కవచాలు చేయమని, వాటి కడియాలను సరైన కొలతతో కూర్చమని ఆదేశించాడు. ఆ వెంటనే సత్కార్యాలు చేయండి, మీరు చేసేదంతా నేను చూస్తున్నానని హెచ్చరించాడు. గమనించారా? కొలత, పనితనం, వాటితోపాటు జవాబుదారీతనం. మూడూ ఒకే చోట ఉన్నాయి.

ఆట వెనుక చరిత్ర

ఈ నమూనాలు కేవలం పిల్లల కాలక్షేపంగా మొదలై అలాగే ఉండిపోలేదు. బ్రిటన్‌లో ఫ్రాగ్ కంపెనీ 1936లో 'పెంగ్విన్' పేరుతో ప్లాస్టిక్ విమానాల పెట్టెలు అమ్మకానికి తెచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఆకాశంలో వచ్చేది తమ విమానమా, శత్రువుదా అని క్షణంలో గుర్తించడం ప్రాణావసరమైంది. 1942లో అమెరికా ప్రభుత్వం బడి పిల్లలను చెక్కతో అయిదు లక్షల విమాన నమూనాలు చేసి ఇవ్వమని కోరింది. వాటి కొలత 72వ వంతే. 35 అడుగుల దూరంలో పెట్టిన నమూనా, సుమారు అర మైలు దూరాన ఉన్న అసలు విమానంలా కనిపిస్తుంది. సైనికులు వాటిని చూసి కన్ను పదును పెట్టుకున్నారు. యుద్ధం ముగిశాక 1953లో ఎయిర్‌ఫిక్స్ సంస్థ తన తొలి విమాన నమూనాగా స్పిట్‌ఫైర్‌ను తెచ్చింది. తక్కువ ధర వల్ల అది సామాన్యుల ఇళ్లకు చేరింది.

రెక్క విరిగిన విమానం ఆ స్పిట్‌ఫైరే. దాని మీద 'యుఎమ్' అనే అక్షరాలున్నాయి. అవి ఎవరివని అడిగాం. "152వ స్క్వాడ్రన్, ఉస్తాద్. దాని పేరే హైదరాబాద్ స్క్వాడ్రన్!" అన్నాడు.

మేము నిర్ఘాంతపోయాం. ఇంటికి వచ్చి వెతికితే అది నిజమే. బ్రిటిష్ వాయుసేనలోని ఆ దళం నిజాం ప్రభువు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ విరాళం కారణంగా హైదరాబాద్ పేరు పెట్టుకుంది. దాని చిహ్నం నిజాం తలపాగా. 1940లో బ్రిటన్ గగనతలంలో పోరాడిన ఆ దళం తర్వాత బర్మా యుద్ధరంగానికి వచ్చింది.

అంతకు ముందే, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 110వ స్క్వాడ్రన్‌కు నిజాం డిహెచ్-9ఎ రకం విమానాలు కానుకగా ఇచ్చారు. వాటిపై ఆ సంగతి రాసి ఉండేది. వాటిలో ఒకటి 1918 అక్టోబరులో జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లిన్ మ్యూజియానికి, అక్కడి నుంచి పోలండ్‌కు చేరింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్‌ను బదులిచ్చి బ్రిటిష్ వారు దాన్ని తిరిగి తెచ్చుకున్నారు. నేడు అది రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియం సంపద. దాని మీద హైదరాబాద్ పేరు ఇప్పటికీ ఉంది.

అయితే ఆ విమానాల సొమ్ము ఎక్కడిది? మన తాతల పొలాల మీద పడిన పన్నే కదా! ఆ యుద్ధం ఎవరిది? మనల్ని పాలిస్తున్న పరాయి ప్రభుత్వానిది. కుర్రవాడికి ఇదీ చెప్పాం. తలపాగా గుర్తు చూసి గర్వపడవచ్చు, కానీ గర్వం దగ్గరే ఆగిపోకూడదు.

గర్వపడదగిన మరో పేరూ చెప్పాం. 1923లో హైదరాబాద్‌లో పుట్టిన ఇద్రీస్ హసన్ లతీఫ్ సాహెబ్, 1947లో దేశం ముక్కలైనప్పుడు భారత వాయుసేనలోనే ఉండాలని నిర్ణయించుకున్నారు. 1978 నుంచి 1981 దాకా వాయుసేనాధిపతిగా పనిచేశారు. జాగ్వార్ విమానాలు మన సేనలో చేరింది ఆయన హయాంలోనే. 2018లో హైదరాబాద్‌లోనే కన్నుమూశారు. "అయితే తర్వాత జాగ్వార్ చేస్తాను" అన్నాడు కుర్రవాడు.

విమానం కింద ఎవరున్నారు?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మా మొదటి జవాబు తొందరపాటుదే. కానీ అందులో ఒక భయం ఉంది. ఆ భయం పూర్తిగా తప్పు కాదు.

సంచిలో ఒక పెద్ద బాంబర్ విమానం ఉంది. వెండి రంగులో మెరుస్తోంది. బి-29. ముక్కు దగ్గర 'ఎనోలా గే' అని పేరు. 1945 ఆగస్టు 6న హిరోషిమాపై అణుబాంబు వేసింది ఈ విమానమే. ఆ ఏడాది ముగిసేలోగా ఆ నగరంలో సుమారు 1,40,000 మంది మరణించారని అంచనా. కుర్రవాడికి దాని రెక్కల పొడవు తెలుసు, ఇంజన్లు ఎన్నో తెలుసు. చనిపోయిన వారి సంఖ్య తెలియదు. ఆ తప్పు అతనిది కాదు. పెట్టెలోని కాగితంలో ఏ ముక్క ఎక్కడ అతికించాలో ఉంటుంది గాని, ఆ సంఖ్య ఎందుకుంటుంది?

పెద్దవాళ్లే ఈ విషయంలో తడబడ్డారు. 1995లో అమెరికాలోని జాతీయ మ్యూజియం ఆ విమానాన్ని ప్రదర్శనకు పెట్టాలనుకుంది. హిరోషిమా ప్రజల బాధను కూడా చూపించాలని మొదట తలపెట్టింది. దానిపై పెద్ద దుమారం రేగింది. చివరకు ఆ భాగం తీసేసి విమానాన్ని మాత్రం చూపించారు. మెరిసే లోహం మిగిలింది, దాని కింద కాలిపోయిన పిల్లలు కనబడకుండా పోయారు. మన ఇంటి అలమరలోనూ అదే జరిగితే అదే అసలు ప్రమాదం. బొమ్మ ఉండడం ప్రమాదం కాదు, దాని కింద మనుషులున్నారని మరిచిపోవడం ప్రమాదం.

తొలి ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (ర) సైన్యాన్ని పంపుతూ చేసిన హితబోధ మనకు తెలిసిందే. స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపరాదు. కాయలు కాసే చెట్లు నరకరాదు. మఠాల్లో ఆరాధనలో ఉన్నవారి జోలికి పోరాదు. ఈ కొలబద్దతో ఏ దేశపు యుద్ధ విమానాన్నైనా కొలవవచ్చు. మనవాళ్లదీ, పరాయివాళ్లదీ ఒకే కొలబద్ద. ఆయుధాన్ని సోదరుడి వైపు ఆటకు కూడా ఎత్తిపెట్టవద్దన్న ప్రవక్త (స) బోధ కూడా పిల్లలకు ఈ సందర్భంలోనే చెప్పాలి.

మేము ఆ బాంబర్‌ను పారేయమని చెప్పలేదు. ఒక చిన్న అట్టముక్క మీద తేదీ, ఊరి పేరు, ఆ సంఖ్య రాసి దాని ముందు పెట్టమన్నాం. అతను రాశాడు. రాస్తుండగా వాళ్ల దాదీ వచ్చి ఏమిటని అడిగింది. విని "యా అల్లాహ్!" అంటూ అక్కడే కూర్చుండిపోయింది.

తల్లిదండ్రులకు కొన్ని మాటలు

మీ ఇంట్లోనూ ఇలాంటి కుర్రవాడో, అమ్మాయో ఉంటే ముందు చూడండి, అడగండి. తర్వాతే మాట్లాడండి.

రంగులు, పలుచన చేసే ద్రావకాలు ఘాటైనవి. కిటికీలు తెరిచి, ముక్కుకు మాస్కు కట్టుకొని పని చేయాలి. పసిపిల్లలున్న గదిలో వద్దు. బ్లేడు వాడేటప్పుడు పెద్దలు దగ్గర ఉండాలి.

దుబారా తగదు. పరదేశీ పెట్టెలు ఖరీదైనవి. ఒకటి పూర్తయ్యాకే మరొకటి. విప్పని పెట్టెలు గుట్టలుగా పోగేయడం ఇస్రాఫ్ కిందకు వస్తుంది. డబ్బు లేకపోతే పని ఆగనక్కరలేదు. దళసరి అట్టతో విమానం చేయవచ్చు. అయిపోయిన పెన్ను రీఫిల్ తుపాకీ గొట్టం అవుతుంది.

అజాన్ వినిపించగానే బ్రష్ కింద పెట్టడం అలవాటు చేయండి. రంగు ఆరడానికి ఎలాగూ సమయం పడుతుంది!

అన్నిటికన్నా ముఖ్యం, ఆ యంత్రం కథ మొత్తం చదివించండి. ఎవరు చేశారు, ఎందుకు చేశారు, ఎవరి మీద వాడారు అన్నవి తెలుసుకున్న చేయి బొమ్మనే కాదు, ఆలోచననూ మలుస్తుంది.

ఖాళీ సీటు

బక్రీద్ తర్వాత ఆ కుర్రవాడు అట్ట పెట్టెలో జాగ్రత్తగా ఒకటి తెచ్చి మా బల్ల మీద పెట్టాడు. జానెడు చెక్క మీద చెరకు తోట. గోనె పోగులకు పచ్చరంగు వేసి నాటిన చెరకు. దాని చాటున ఒక జీపు. జీపు మీద పొడవాటి తుపాకీ గొట్టం.

చెప్పకుండానే తెలిసింది. 1965 సెప్టెంబరు 10. పంజాబులోని ఖేమ్‌కరణ్ ప్రాంతం, అసల్ ఉత్తర్ పోరు. ఉత్తరప్రదేశ్‌లోని ఘాజీపూర్ జిల్లా ధాముపూర్‌కు చెందిన దర్జీ బిడ్డ హవల్దార్ అబ్దుల్ హమీద్, జీపు మీద అమర్చిన 106 మిల్లీమీటర్ల తుపాకీతో ఒకదాని తర్వాత ఒకటిగా ప్యాటన్ ట్యాంకులను నిలువరించారు. అక్కడే అమరులయ్యారు. దేశం ఆయనకు పరమవీర చక్ర ఇచ్చింది. 2000లో వచ్చిన తపాలా బిళ్ల మీద ఆయనతోపాటు ఆ జీపూ ఉంది. దాన్ని చూసే కుర్రవాడు కొలతలు తీసుకున్నాడట. చక్రాల మీది బురద మాత్రం అబ్బా పూసి ఇచ్చారట.

తుపాకీ వెనుక సీటు ఖాళీగా ఉంది. మనిషి బొమ్మ లేదు. మా మాట విని వదిలేశాడేమో అనుకున్నాం. అడిగాం. ఈసారి అడగడం మరిచిపోలేదు.

"పెట్టెలో సైనికుడు ఉన్నాడు, ఉస్తాద్. కానీ ఆయన ముఖం నేను చేయలేను. సీటు ఖాళీగా ఉంటేనే ఎవరు లేరో గుర్తొస్తుంది" అన్నాడు.

మా దగ్గర చెప్పడానికి ఏమీ లేకపోయింది. బడి అలమరలో పుస్తకాల పైన దానికి చోటిచ్చాం. అల్లాహ్ మన పిల్లల చేతులకు పనితనాన్ని, హృదయాలకు కరుణను, మన నాలుకలకు తొందరపడని గుణాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.